మంత్రిగారి మైత్రీ ఫలరసం

"స్నేహం కోసం తాగేవాళ్లు ఏ జిల్లాలోనైనా ఉంటారు. తాగి స్నేహం చెడగొట్టుకునేవాళ్లూ ఉంటారు. కానీ స్నేహాన్నే పిండి, వడగట్టి, గ్లాసులో పోసి ప్రపంచానికి అందించబోయే జిల్లా ఒక్క నిజామాబాదే!" అని మంత్రిగారు పసుపు మార్కెట్ యార్డులో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగాక, ఆయన ప్రకటించింది ఏమిటని జనం ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు.

సంగతి ఇది. బోధన్ పక్కన కొత్తగా కట్టిన సహకార చక్కెర మిల్లులో ఆ ఏడు మొదటిసారి చెరుకు ఆడించబోతున్నారు. ఆ పండుగకు మెక్సికో నుంచి గోమెజ్ అనే చెరుకు నిపుణుడు వస్తున్నాడు. మెక్సికో గోధుమ విత్తనాలు మన దేశానికి వచ్చిన కొత్త కాబట్టి, ఆ దేశం నుంచి ఏది దిగినా మన నేల మీద మొలకెత్తి తీరుతుందని జనానికి గట్టి నమ్మకం. ఆ గోమెజ్ దొర హైదరాబాదులో మంత్రిగారిని కలిసి, తమ దేశపు సారా ఒక సీసా కానుకగా ఇచ్చాడు. దాని పేరు టెకీలా. మనం పొలం గట్ల మీద కంచెకు నాటుకునే కిత్తనార ఉంది చూశారా, ఆ జాతి మొక్క దుంపను ఉడకబెట్టి తీస్తారట. పండుగ వస్తే దాన్ని పండ్లరసంలో కలిపి, మంచుగడ్డ వేసి, గ్లాసు అంచుకు ఉప్పు రాసి తాగుతారట. ఆ పానీయాన్ని మన జిల్లా పండ్లతో తయారుచేసి అతిథికి అందిస్తామన్నదే మంత్రిగారి ప్రకటన.

మంత్రిగారు మద్యపాన నిషేధ ప్రచార సంఘానికి కూడా అధ్యక్షులు. దగ్గుమందులో సారా ఉంటుందని తెలిసిన రోజు నుంచీ దగ్గడమే మానేసిన నిష్ఠాపరులు. అందుకని దాన్ని ఎవరూ కాక్‌టెయిల్ అనకూడదనీ, 'మైత్రీ ఫలరసం' అనాలనీ ఆదేశించారు. ఆ రోజు నుంచి ఆఫీసుల్లో బంట్రోతులు కూడా అలాగే అన్నారు.

ఈ మహత్కార్యం ఆశన్న భుజాన పడింది. ఆశన్న పార్టీకి పాత కార్యకర్త. సభ అంటే పందిరి గుంజలు పాతించేది అతనే, మైకు తెప్పించేది అతనే, మంత్రిగారు తుమ్మితే అందరికంటే ముందు 'చిరంజీవ' అనేదీ అతనే. ఎమ్మెల్యే టికెట్ రెండుసార్లు అతని ముక్కు ముందు నుంచి పోయింది. మొదటిసారి మంత్రిగారి వియ్యంకుడికి, రెండోసారి ఆ వియ్యంకుడితో పోట్లాడినవాడికి. ఇప్పుడు ఎన్నికలు మళ్లీ దగ్గరపడ్డాయి. ఈసారి కూడా రాకపోతే ఇక ఈ జన్మకు గుంజలే గతి అని ఆశన్నకు తెలుసు. ఆ ఆలోచన వచ్చిన పూట అతనికి అన్నం సహించదు.

మంత్రిగారు ఖద్దరు తువ్వాలులో చుట్టిన సీసాను పసిబిడ్డను అందించినట్టు అతని చేతుల్లో పెట్టారు. మూతి చుట్టూ లక్క, లక్క మీద మంత్రిగారి ఉంగరం ముద్ర.

"సీలు నేనే నా చేతులతోటి ఏసిన ఆశన్నా. దారి పొంట ఎవ్వరినీ నమ్మేటట్టు లేదు."

"ఎంత ముందుచూపు సార్ మీది!"

"ఫలరసం కుదిరిందనుకో, టికెట్ నీ జేబుల ఉన్నట్టే. కుదరలేదనుకో..." అని మంత్రిగారు మిగతాది చెప్పకుండా కారెక్కారు.

ఏ పనికైనా ముందు సంఘం వేయాలి కాబట్టి ఫలరస నిర్మాణ సంఘం ఏర్పడింది. ఆశన్న కన్వీనరు. క్యాంపుల తరఫున రత్తయ్య. అతను గుంటూరు వైపు నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడిన రైతు; అలా వచ్చినవాళ్ల ఊళ్లనే అక్కడ క్యాంపులంటారు. మోర్తాడ్ పసుపు రైతుల తరఫున లింగం. దుబాసీగా కాలేజీ లెక్చరరు మార్కండేయ మాస్టారు. ఆయనకు మెక్సికో భాష రాదు, కానీ ఇంగ్లీషు వచ్చు. ఇంగ్లీషు వచ్చినవాడికి అన్నీ వచ్చినట్టేనని సంఘం తీర్మానించింది.

మొదటి సమావేశంలోనే పండ్ల దగ్గర పేచీ వచ్చింది.

"అరటిపండూ బత్తాయీ మా క్యాంపు నుంచి పంపిస్తానండీ. ఇక వేరే పండు ఎందుకండీ దండగ?" అన్నాడు రత్తయ్య.

"గట్లెట్లయితది? సీతాఫలం మాది, జాంపండు మాది. ముందుగాల మాయి పడాలె, ఎనుక మీయి" అన్నాడు లింగం.

"మేమొచ్చి ముప్పై ఏళ్లయిందండీ. మా అరటి ఈ మట్టిలో పెరిగిందేనండీ."

"సెట్టు ఈడిదే గని పిలక ఆడిది గద!"

ఇద్దరూ కుర్చీల్లోంచి లేచారు. ఆశన్న మధ్యలో పడి, మూడింట ఒక వంతు క్యాంపుల పండ్లు, రెండు వంతులు స్థానిక పండ్లు అని పంచాయితీ తెంచాడు. యాభై ఆరులో పెద్దమనుషులు కూర్చుని రాసుకున్న ఒప్పందం చిత్తశుద్ధితో అమలైంది ఎక్కడైనా ఉందంటే అది ఆ ఫలరసం కూజాలోనే.

"అన్నీ మంచిగనే ఉన్నయ్ గని పసుపేదన్నా?" అన్నాడు లింగం.

"పసుపు పండు కాదు కదయ్యా" అన్నారు మాస్టారు.

"పండు గాకపోతే ఏంది, పంట గాదా? పసుపు లేని పండుగ ఏడన్న సూసిన్రా సారూ? మా ఊరోళ్లకు నేనేం మొకం సూపియ్యాలె?"

మోర్తాడ్ అంటే మాటలు కాదు, బోలెడు ఓట్లు. ఆశన్న పైకప్పు వంక చూశాడు, కిందికి చూశాడు, గుమ్మం వంక చూశాడు. అక్కడ దొరికింది.

"మెక్సికోల గిలాసు అంచుకు ఉప్పు రాస్తరంట గద. మనం పసుపు రాద్దం. గడపకు రాస్తలేమా? గిలాసుకు అంచే గడప!"

ఇంతటి రాజనీతిని సంఘం అంతకుముందు చూడలేదు. రత్తయ్య ఉడుక్కుని, "మరి కుంకుమ బొట్టు కూడా పెట్టమంటారా?" అని వెటకారంగా అడిగాడు. బొట్టు ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఇంతలో ఈ వార్త తెలిసి కందకుర్తి పెద్దలు దిగారు. గోదావరి, మంజీర కలిసే చోట నీళ్లతో మంచుగడ్డ చేయకపోతే పానీయానికి పవిత్రత ఏదని నిలదీశారు. సంగమం నీళ్లు క్యాన్లలో నింపి నిజామాబాదు ఐసు ఫ్యాక్టరీకి పంపారు.

రిహార్సల్ ట్రావెలర్స్ బంగళా వరండాలో పట్టపగలే జరిగింది. పండ్లు పిసికి, గుడ్డలో వడగట్టి కూజాలో పోశారు. ఆశన్న సీసాను కళ్లకద్దుకుని లక్క పగలగొట్టాడు. కొద్దిగా కూజాలో వంచి, గరిటెతో కలిపి, ముందు తానే ఒక గుటక వేశాడు.

అరటిపండు తగిలింది. తర్వాత సీతాఫలం తగిలింది. తర్వాత సీతాఫలం గింజ తగిలింది. ఇంకేమీ తగల్లేదు.

ఫారిన్ సరుకు తాగితే ఏమీ అనిపించకపోవడం సరుకు తప్పా, తాగినవాడి తప్పా? ముగ్గురూ ఆశన్న మొహంలోకే చూస్తున్నారు. కాబోయే ఎమ్మెల్యేకు ఫారిన్ రుచి పట్టలేదని రేపు జిల్లా అంతా చెప్పుకుంటుంది. అతను కళ్లు మూసి, తల ఒక్కసారి విదిలించి, "అబ్బబ్బ! గొంతు దిగంగనే ఎక్కింది!" అన్నాడు.

రత్తయ్య తాగాడు. ఒక క్షణం ఆగి, వరండా స్తంభం పట్టుకున్నాడు. "నరాల్లోకి దిగిందండీ. మన నాటుసారాలాగా మొరటుగా కాదు, మర్యాదగా దిగిందండీ."

లింగం రెండు గ్లాసులు ఎత్తాడు. "అన్నా, నా కాళ్లు నాకు కనవడ్తలెవ్వు!"

మార్కండేయ మాస్టారు ఇంకో స్తంభానికి షేక్‌హ్యాండ్ ఇచ్చి ఇంగ్లీషులో కుశలం అడిగారు.

ఇక చూడాలి ఆ వరండా. మొదటి సమావేశంలో పిలక దగ్గర కొట్టుకోబోయిన ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు. "మీ పిలక, మా పిలక ఏందన్నా, మన పిలక!" అన్నాడు లింగం. "అంత మాటన్నావు, చాలు తమ్ముడూ!" అన్నాడు రత్తయ్య. విచిత్రమేమిటంటే ఆశన్నకూ నిజంగానే ఎక్కింది. కాళ్లు వాటంతట అవే చిందులేశాయి. బంగళా మెట్లు అసెంబ్లీ మెట్లలా కనపడి, చేతులు జోడించుకుంటూ ఎక్కాడు, జోడించుకుంటూ దిగాడు, మళ్లీ ఎక్కాడు. పెళ్లినాడు కూడా అతను అంత సంతోషంగా లేడు.

అంతలో అన్నం గిన్నె పట్టుకుని అతని తల్లి రాములవ్వ వచ్చింది.

"ఏందిరా గీ ఎగురుడు?"

"ఫారిన్ సారా అవ్వా! మంత్రిగారు పంపింది!"

"అమ్మకు సాక పోసిండ్రా?"

నలుగురూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆ ప్రాంతంలో కల్లైనా సారా అయినా మొదటి ధార పోచమ్మ పేర పోశాకే మనిషి నోట పెట్టుకుంటాడు. దాన్ని సాక పోయడం అంటారు. ఫారిన్ ధ్యాసలో పడి అంతా ఆ సంగతే మరిచిపోయారు. రాములవ్వ సీసా లాక్కుని, బంగళా వెనక ఉన్న పోచమ్మ రాయి దగ్గరకు నడిచింది. పిడక నిప్పు పెట్టి, అమ్మను తలచుకుని, నిప్పు మీద ధార పోసింది. సారా మంచిదైతే నిప్పు భగ్గున లేవాలి. అమ్మ అందుకుందని గుర్తు.

నిప్పు సుయ్యిమని చల్లారిపోయింది.

"అమ్మ ముట్టలేదు బిడ్డా" అంది రాములవ్వ. "ఇందుల ఎవడో నీళ్లు కలిపిండు."

ఆశన్నకు ఎక్కిందంతా అరికాళ్ల దాకా దిగిపోయింది. వెనక్కి తిరిగి చూశాడు. తాను మెట్లు ఎక్కి దిగుతున్నంతసేపూ సీసా ఆ ముగ్గురి దగ్గరే ఉంది. అసలు సరుకు గొంతులో పోసుకుని, సీసాలో నీళ్లు నింపారన్నమాట. కాదంటే మనుషులు ఇంతలా ఊగుతారా? అడుగుదామంటే ఒకడి వెనక క్యాంపుల ఓట్లు, ఒకడి వెనక పసుపు ఓట్లు, మూడోవాడు ఇంగ్లీషు. టికెట్ మూడోసారి ముక్కు ముందు నుంచి పోతున్నట్టు కళ్లకు కట్టింది. తల్లి తెచ్చిన అన్నం అలాగే వదిలేసి, సీసా తువ్వాలులో చుట్టుకుని ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ కాశయ్య దగ్గరకు పరుగెత్తాడు.

కాశయ్య కథంతా విని, గోదాము తాళం తీశాడు. లోపల జప్తు చేసిన గుడంబ క్యాన్లు. చెరుకు పండే సీమలో బెల్లానికి కొదవ లేదు, బెల్లం ఉన్న చోట దొంగచాటుగా గుడంబ కాచేవాళ్లకూ కొదవ లేదు.

"గిది సూడన్నా. మంజీర ఒడ్డున రాధాబాయి బట్టీల పట్టుకున్నం. నా సర్వీసుల ఎంతో మాల్ జప్తు చేసిన గని గిసొంటి చెయ్యి సూడలే. ఏం హస్తవాసి!" అని కాశయ్య కాగితం చుట్టి ముంచి అగ్గిపుల్ల గీశాడు. నీలం మంట నిలువునా లేచింది. ఆశన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సీస నింపియ్యి కాశన్నా. సచ్చి నీ కడుపున పుడుత."

"నింపుత గని, ఇది కోర్టు సాక్ష్యం. క్యాన్ల తగ్గితే నా నౌకరి పోతది."

"సీసల ఉన్నది క్యాన్ల ఒంపు. సమానమైతది గద."

సర్కారు సొత్తుకు నష్టం లేకుండా మార్పిడి జరిగింది. గుడంబ మెక్సికో సీసాలోకి వెళ్లింది, సీసాలోది న్యాయస్థానం కోసం క్యాన్లోకి వెళ్లింది.

ప్రారంభోత్సవం నాడు మిల్లు ముందు జనం కిటకిటలాడారు. మంత్రిగారు తాగుడు మీద గంభీరంగా ప్రసంగించారు. తాగుడు ఇంటిని కాలుస్తుందన్నారు, ఒంటిని కాలుస్తుందన్నారు. గోమెజ్ దొర చెమట తుడుచుకుంటూ ఏదో అన్నాడు. మార్కండేయ మాస్టారు మైకు అందుకుని, "మంత్రిగారి పాలనలో ఎండ కూడా క్రమశిక్షణతో కాస్తోందని అతిథి ఆశ్చర్యపోతున్నారు" అని అనువదించారు.

మిల్లు బాయిలరులో నిప్పు అంటించారు. మంత్రిగారు కూజా వైపు అడుగు వేశారో లేదో రాములవ్వ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఆగయ్యా! అమ్మకు సాక పొయ్యకుంట ముడితే మిల్లు నడుస్తదా?"

కార్యకర్తలు ఆమెను వెనక్కి లాగబోయారు. మంత్రిగారు మాత్రం చిరునవ్వుతో చేయెత్తారు. "ప్రజల ఆచారమే నా ఆచారం! సాక నేనే పోస్తాను!" అని సీసా అందుకుని, తెరిచి ఉన్న బాయిలరు నోట్లోకి నీళ్లు గుమ్మరించినంత నిర్భయంగా గుమ్మరించారు.

భగ్గున నాలుక చాచింది మంట. మంత్రిగారి ఖద్దరు టోపీ అంచు కమిలింది, ఒక కనుబొమ్మ కనపడకుండా పోయింది. "అమ్మ మెచ్చింది!" అని జనం కేకలు వేశారు, డప్పులు మోగాయి. మంత్రిగారు సీసా వంక చూశారు, ఆశన్న వంక చూశారు, మళ్లీ సీసా వంక చూశారు. ఆ చూపులో ఏదో ప్రశ్న ఉందని ఆశన్నకు తెలిసింది గానీ, అదేమిటో తెలియలేదు. సీసా అందుకుని, మిగిలినదంతా కూజాలో వంచి కలిపేశాడు.

అంచుకు పసుపు, నడుమ కుంకుమ బొట్టు పెట్టిన గ్లాసులు వచ్చాయి. గోమెజ్ దొర ఒక్క గుక్కలో తాగాడు. కళ్లు ఎర్రబడ్డాయి, కన్నీళ్లు జారాయి. ఆశన్నను కౌగిలించుకుని ఊపిరాడకుండా ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

"వాళ్ల తాత పెరట్లో దొంగచాటుగా కాచింది గుర్తొచ్చిందట!" అని మాస్టారు పొరపాటున ఉన్నదున్నట్టు చెప్పేసి, వెంటనే సర్దుకున్నారు. "అంటే, మంత్రిగారిని చూస్తే వాళ్ల తాత గుర్తొచ్చారట."

ఇక మంత్రిగారి వంతు. అంతమంది ముందు గ్లాసు దించే దారి లేదు. కళ్లు మూసుకుని ఒక గుటక వేశారు. కాసేపు కదల్లేదు. తర్వాత గ్లాసు ఖాళీ చేశారు. అతిథి మర్యాద కోసం రెండోది తాగారు. దేశాల మధ్య మైత్రి కోసం మూడోది తాగారు. తర్వాత మైకు పట్టుకున్నారు. అటువంటి ప్రసంగం ఆ జిల్లా ఎన్నడూ వినలేదు. కాలేజీ మంజూరు చేశారు, వంతెన మంజూరు చేశారు, రైలు మంజూరు చేశారు, బోధన్‌కు ఓడరేవు మంజూరు చేశారు.

"మరి సముద్రమండీ?" అన్నాడు రత్తయ్య ఆనందం పట్టలేక.

"అదీ మంజూరు!" అన్నారు మంత్రిగారు. టోపీలు గాల్లోకి లేచాయి.

సభ ముగిశాక మంత్రిగారు ఆశన్నను కారులోకి పిలిచారు. డ్రైవరును దింపేశారు.

"డోరెయ్యి. నిజం చెప్పు. సీసల ఏం పోసినవ్?"

"మీరిచ్చిందే సార్..."

"నేనిచ్చింది మా ఇంటి కుండల నీళ్లు గదనయ్యా! గోమెజ్ ఇచ్చింది ఆ దినమే అయిపాయె. మంది ముంగట తాగాలె, నిష్ఠ చెడొద్దు అని నేనే కడిగి, నేనే నింపి, నేనే సీలేసిన. నీళ్లెట్ల మండినయ్, చెప్పు?"

ఆశన్నకు వరండా కనపడింది, స్తంభాలు కనపడ్డాయి, చేతులు జోడించుకుని మెట్లెక్కుతున్న తాను కనపడ్డాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. రాములవ్వ చల్లారిన నిప్పు నుంచి కాశయ్య క్యాన్ దాకా మొత్తం చెప్పేశాడు. మంత్రిగారు కిటికీ వైపు తిరిగి చెరుకు బండ్లను చూశారు. ఇక టికెట్ సంగతి తేలిపోయిందని ఆశన్న డోరు మీద చేయి వేశాడు.

"ఎవ్వరికన్న చెప్పినవా?"

"అమ్మతోడు, లేదు సార్."

"టికెట్ నీదే పో. నేను నీళ్లిస్తే నువ్వు నిప్పు చేసి తెచ్చినవ్. పార్టీల గిసొంటోడు ఇంకొకడు లేడు."

ఆశన్న కాళ్లు మొక్కి దిగాడు. కారు కదిలి, మళ్లీ ఆగింది. మంత్రిగారు తల బయటపెట్టారు.

"గా రాధాబాయి మీద కేసు ఎప్పుడున్నది?"

"వచ్చే నెల సార్."

"పాపం, భయపడొద్దని చెప్పు. సాక్ష్యం లేని కేసు నిలవడదు. మా ఇంటికి ఒకసారి వచ్చి పొమ్మను."

మిల్లు గేటు దగ్గర ఫలరస నిర్మాణ సంఘం ఎదురుచూస్తోంది. ముగ్గురి మొహాలూ ఎర్రగా ఉన్నాయి, అడుగులు అటూ ఇటూ పడుతున్నాయి. రత్తయ్య దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏమనుకోకండి ఆశన్నగారూ, చెప్పకుండా ఉండలేను. ఇవాళ్టిదాంట్లో ఏదో నాటుది కలిసిందండీ. మొన్న రిహార్సల్‌లో తాగామే, అదండీ అసలు టెకీలా అంటే!"

"ఔ అన్నా! గా దినం ఎక్కింది నాకింక దిగలే" అన్నాడు లింగం.

"దానికీ దీనికీ పోలికే లేదు. అది క్లాస్!" అన్నారు మార్కండేయ మాస్టారు.

ఆశన్న ముగ్గురి మొహాల్లోకీ చూశాడు. నోటి చివరి దాకా ఒక మాట వచ్చింది. కానీ అప్పటికే అతను అభ్యర్థి. భుజం మీద కండువా సర్దుకున్నాడు.

"ఫారిన్ సరుకు ఫారిన్ సరుకే. అంత సులువుగ మళ్ల దొరుకుతదా?" అన్నాడు.

ముగ్గురూ భక్తిగా తలలూపారు. మొన్నటి రుచి తలచుకుని లింగం స్తంభం కోసం వెతుక్కున్నాడు.